పెట్టె లోపలి బొట్టు

శ్రీరాములన్న ఆ పాత టీవీ గేమ్ పెట్టెను తువ్వాలులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టిపోయి నాలుగు రోజులైంది. నాలుగు రోజులుగా దాన్ని అటు జరుపుతున్నాను, ఇటు పెడుతున్నాను, తువ్వాలు విప్పి మళ్ళీ చుడుతున్నాను, తెరవడం మాత్రం లేదు. ఎవరైనా అడిగితే ఫోన్ల పని ఎక్కువగా ఉందని చెబుతున్నాను. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నాది. ఫోన్ల పని ఎప్పుడు తక్కువ గనక! అసలు సంగతి వేరు. ఉగాది ముందు నుంచి నా కుడి చెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసు దగ్గర మొదలైంది, తర్వాత సూదిలో దారం దగ్గర, ఇప్పుడు తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఎత్తితే దాని మొన గాలిలో గీతలు గీస్తోంది. ఒంగోలులో చూపించుకుంటే డాక్టరుగారు చేతులు చాపమన్నారు, కాగితం మీద సున్నాలు చుట్టమన్నారు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగారు. మా నాయనకు ఉండేదని చెప్పాను. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది నాకే. దాన్ని దాచిపెట్టిందీ నేనే.

ఇప్పుడు నా సంగతి నేను దాచుకుంటున్నాను. ఆరేళ్ళుగా నా పక్క బల్ల మీద పనిచేస్తున్న నాగమణికి కూడా చెప్పలేదు. సన్నపనులు వస్తే, "నువ్వు నేర్చుకోవాలి గదా, నువ్వే చెయ్యి" అని పెద్దరికం చూపిస్తూ ఆమె వైపు తోస్తున్నాను. ఆమె ఏమీ అనకుండా తీసుకుంటుంది. ఈ మధ్య ఆ మనిషి నాకు టీ కూడా సగం గ్లాసే పోస్తోంది. ఏమిటీ పిసినారితనం అని లోలోపల తిట్టుకుంటున్నాను, నా చిరాకు అట్లా ఉంది. ఒకచోట కూచోబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు.

శ్రీరాములన్నది మార్కాపురం. తాత నాటి నుంచి వాళ్ళకు పప్పుల దుకాణం ఉంది. మనిషికి మీసం నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి, మాట తీరు మాత్రం మారలేదు. "రత్నమ్మా, గోడౌను అటక దులుపుతాంటే ఇది బయటపడింది. ఒక్కసారి వెలిగితే చాలు తల్లీ. బొమ్మ చూసుకోని మళ్ళీ అటకెక్కిస్తా" అన్నాడు. "ఇది నీ చేతి పనే గదా. నీకు గాక ఇంగెవరికి తెలుస్తాది?" అని కూడా అన్నాడు. ఆ మాటకు నా కుడి చెయ్యి చటుక్కున బల్ల కిందికి పోయింది. నాయన చెయ్యి కూడా ఇట్లాగే పోయేది, ఇదే బల్ల కిందికి.

మా నాయన రాచర్ల దగ్గర పల్లెలో పుట్టాడు. పెదనాయన మెట్టచేను చూసుకుంటూ ఉంటే, ఈయన రేడియోలు విప్పి చూడడం మరిగి గిద్దలూరు చేరాడు. నాకు ఊహ తెలిసేటప్పటికే ఈ షాపు నిండా టీవీలు, టేప్‌రికార్డర్లు, బావుల దగ్గరి మోటారు స్టార్టర్లు. మా ఇంట్లో తెల్లవారేది రేడియోలో రైతుల కార్యక్రమంతో. చేను పెదనాయనకు వదిలేసినా వానల సంగతి వినకపోతే ఈయనకు పొద్దు పోదు. వంటింట్లో అమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు, పెరట్లో నాయన గడ్డం గీసుకుంటూ వానను తిట్టే తిట్లు, రెండూ కలిసి మాకు మేలుకొలుపు. షాపుకు వస్తే ఇంకో రకం వాసన. కాలిన సోల్డర్ పేస్టు, వేడెక్కిన టీవీలోని పాత దుమ్ము, పక్క హోటలు నుంచి ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ. ఆ వాసనకే ఇంటర్ అయ్యాక నాకు కాలేజీ ఎక్కలేదు. పరీక్షలు ప్రైవేటుగా కట్టుకుంటానని చెప్పి షాపులో స్టూలు వేసుకుని కూచున్నాను. "ఆడపిల్ల ఆడ కూచుంటే ఏం బాగుంటాది?" అని అమ్మ కొన్నాళ్ళు సణిగింది, తర్వాత నా క్యారియరు కూడా నాయన క్యారియరుతోనే పంపడం మొదలుపెట్టింది.

స్క్రూల సొరుగులో, స్క్రూల మధ్యనే, ఒక చిన్న కుంకుమ భరిణె ఉండేది. ఏ పెట్టె తెరిచినా మూత బిగించే ముందు నాయన ఉంగరపు వేలు నీళ్ళలో ముంచి, కుంకుమలో అద్ది, లోపలి ఇనుప రేకు మీద ఒక బొట్టు పెట్టేవాడు. సొంతదారుకు కూడా కనపడని చోట. లోపల ఎందుకు నాయనా అని ఒకసారి అడిగాను. "చేలో మోటారుకు పెట్టమా, పలుగుకు పెట్టమా? ఇదీ అంతే. ఇంగోటి, రేప్పొద్దున అది చెడిపోయి తిరిగొచ్చిందనుకో, మూత తీస్తే మన బొట్టు కనపడతాది. అప్పుడు నేను చెయ్యలేదని బొంకేదానికి లేదు" అన్నాడు. గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని టీవీల కడుపుల్లో ఆయన బొట్లు ఉన్నాయో లెక్కలేదు. గుండ్రంగా, అచ్చు వేసినట్టు ఉండేవి.

ఆ గుండ్రం చెడడం నేనే మొదట చూశాను. ఒక రేడియోకు తీగ అతుకుతూ మూడుసార్లు గురి తప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఈ అద్దాలు మార్చాల, ఆనడం లేదు. నువ్వు పెట్టు రత్నా" అని ఐరన్ నా చేతికిచ్చాడు. అద్దాలు మార్చాడు. అయినా ఐరన్ నా చేతిలోనే ఉండిపోయింది. టీ సాసరులో పోసుకోవడం మానేశాడు. తువ్వాలు చేతికి చుట్టుకునే ఉండేవాడు. షాపు మధ్యలో ఒక తెర కట్టాడు. తెర ముందు ఆయన కూచుని మాట్లాడేవాడు, తెర వెనక నేను పని చేసేదాన్ని. వచ్చినవాళ్ళు "నీ చెయ్యి పడితే చాలు మామా, ఇంగ చూసుకోపన్లేదు" అని సామాను తీసుకుపోయేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా తెర వెనక నాకు ఒళ్ళు మండేది. పని నాది, పేరు ఆయనది! మరుక్షణం సిగ్గేసేది. ఆయనకున్నదల్లా ఆ పేరే గదా. "చెయ్యి వణికేవాడికి సామాను ఎవరిస్తారమ్మా?" అని ఒక్కసారే అన్నాడు, అదీ నా మొహం చూడకుండా. ఏడాది అట్లా నడిచింది.

అప్పుడు వచ్చాడు శ్రీరాములన్న. పాతికేళ్ళ మనిషి, పప్పుల దుకాణంలో కూచోలేక, గోడౌనులో మూటల వెనక రెండు టీవీలు, రెండు గేమ్ పెట్టెలు పెట్టి గంటల లెక్కన ఆడిస్తుండేవాడు. వాటిలో కొత్త పెట్టె అసలు డిస్కులు తప్ప వేరేవి ముట్టదు. ఆ అసలు డిస్కులు మా వైపు కళ్ళతో చూద్దామన్నా దొరకవు. బస్టాండులో దొరికే కాపీ డిస్కు వేస్తే ఛీకొట్టి బయటికి తోస్తుంది. దానికి మందు మాడ్‌చిప్ అనే ముక్క, వేలి గోరంత ఉంటుంది, దాని కాళ్ళ నుంచి వెంట్రుకల్లాంటి తీగలు బోర్డుకు అతకాలి. అతికితే పెట్టె ఏ డిస్కునైనా అసలుదే అనుకుని ఆడిస్తుంది. చెన్నై నుంచి ఆ ముక్క తెప్పించాడు, దాంతోపాటు జిరాక్సు తీసిన బొమ్మ కాగితం ఒకటి. "మార్కాపురంలో ఎవురూ చెయ్యి పెట్టలేమన్నారు మామా. పొదిలిలో ఒకాయన మూత తీసి చూసి, దండం పెట్టి మూసేసినాడు. అందరూ నీ పేరే చెప్పినారు" అన్నాడు.

నాయన ఆ పేరు అనే మాట దగ్గర పడిపోయాడు. "శనివారం వచ్చి తీసుకపో" అనేశాడు. వద్దని తెర వెనక నుంచి నేను ఆ గుడ్డ పట్టుకుని లాగుతూనే ఉన్నాను. శ్రీరాములన్న గడప దాటగానే లేచాను. "ఏంది నాయనా, అది ఏందో కూడా మనకు తెలియదు గదా! కాలిపోతే ఎవురు తెచ్చిస్తారు?"

"నువ్వు చూస్తావులే" అన్నాడు, తువ్వాలులో చెయ్యి చుట్టుకుంటూ.

చూశాను. రెండు రోజులు ఆ కాగితంలో తల పెట్టి కూచున్నాను. గురువారం పొద్దున మొదలుపెట్టాను. మొత్తం ఏడు తీగలు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటి అతకడం, భూతద్దంలో చూడడం, మళ్ళీ ఊపిరి తీసుకోవడం. ఆఖరి తీగ అతికి ఐరన్ పక్కన పెట్టానో లేదో కరెంటు పోయింది. మధ్యాహ్నం కోత మామూలే, మూడింటికి గాని రాదు. పరీక్షించేదానికి లేక, అట్లాగే వదిలి అన్నానికి ఇంటికి పోయాను. తిరిగి వచ్చేసరికి నాయన పెట్టె మూత బిగించేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. "బొట్టు పెట్టి మూసేసినా. ఇంత పని నేను చెయ్యలేనా?" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన మొహంలో ఆ సంబరం చూశాను.

కరెంటు వచ్చింది, స్విచ్చి వేశాను. ఎర్రలైటు వెలిగింది. అంతే. డిస్కు తిరగలేదు, టీవీ నల్లగా ఉంది.

ఏదో తీగ సరిగా అతకలేదనుకున్నాను. మూత తీసి, లోపలి రేకు తీసి పక్కన పెట్టి, బోర్డు తిరగేసి చూశాను, ఏడూ బాగున్నాయి. అయినా నమ్మకం లేక శుక్రవారమంతా కూచుని ఏడూ పీకి మళ్ళీ అతికాను. ఎర్రలైటే. తెర బయట నాయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పది నిమిషాలకోసారి తెర తొలగించి తల పెట్టడం, "ఏమన్నా వచ్చిందా?" అనడం. "వస్తే చెప్పనా? నువ్వు అట్ల తిరగబాక, నాకు చెయ్యి ఆడడం లేదు!" అని అరిచాను. అరిచిన మాట నోట్లోంచి బయటపడ్డాక తెలిసింది ఏమన్నానో. ఆయన తెర వేసేసి వెళ్ళి గడపలో కూచున్నాడు.

సాయంత్రం తెగించి చిప్పునే పూర్తిగా పీకేశాను. అది లేకుండా పెట్టె మామూలుగా పనిచెయ్యాలి గదా. పని చెయ్యలేదు. అంటే చిప్పు సంగతి కాదు, నేను బోర్డునే కాల్చేశాను. నాయన లోపలికి వచ్చి నా మొహం చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "సరేలే. రేపు ఆ పిల్లోడొస్తే నా చేతిలో చెడిపోయిందని చెబుతా. ఇంగ మార్కాపురం, పొదిలి అంతా అదే చెబుతాడు" అన్నాడు. పెట్టె పోయినందుకు కాదు ఆయన బాధ, కొత్తది ఎట్లాగో తెచ్చి ఇచ్చేవాడే. ఈ షాపు అంటే ఆయన చెయ్యి. ఆ చెయ్యి పోయిందని అందరి నోటా వినాల్సి వస్తుంది. నాకు మాత్రం నా చెయ్యి మీద నమ్మకమే పోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా షట్టరు దించాం.

శనివారం పొద్దున నేను అన్నం తినకుండా షాపుకు పరిగెత్తానని అమ్మ క్యారియరు పట్టుకుని వెనకే వచ్చింది. బల్ల మీద చోటు చేద్దామని పక్కన పెట్టిన ఇనుప రేకు ఎత్తింది. ఎత్తి, అట్లాగే ఆగిపోయింది. "ఇదేంది రత్నా, బొట్టు ఇట్ల కారింది? మీ నాయన పెట్టిన బొట్టేనా ఇది?"

రెండు రోజులుగా ఆ రేకును ఎన్నిసార్లు తీసి పెట్టానో! మా షాపులో బొట్టు లేని పెట్టే ఉండదు గనక ఆ ఎరుపు నా కంటికి ఆనలేదు. తీగలు తప్ప ఇంకేమీ చూడని నాకు కనపడనిది, తీగల సంగతే తెలియని అమ్మకు ఒక్క చూపులో కనపడింది. రేకు మీద బొట్టు లేదు, ఎర్రటి చార ఉంది. వేలు వణికి, కుంకుమ నీళ్ళు చారగా కారి, రేకుకున్న చిల్లు దాకా పోయాయి. చిల్లు కింద బోర్డు మీద ఏముందో చూశాను. చిన్న వెండి రంగు ముక్క ఒకటి ఉంటుంది, క్రిస్టల్ అంటారు. బోర్డు మొత్తం దాని తాళానికే నడుస్తుంది, అది ఆగితే అంతా ఆగినట్టే. దాని రెండు కాళ్ళ మధ్య, కిందికి దూరి, రెంటినీ కలిపేస్తూ కుంకుమ ముద్ద పేరుకుని ఉంది. నేను అతికిన తీగలన్నీ బోర్డుకు అవతలి వైపు. ఇటు వైపు చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

స్పిరిటులో దూది ముంచి రేకూ, బోర్డూ తుడిచాను, పళ్ళ బ్రష్షుతో కాళ్ళ మధ్య రుద్దాను, వాకిట్లో ఎండకు పెట్టాను. మా ఊరి ఎండ గురించి చెప్పాలా, పావుగంటలో ఆరింది. స్విచ్చి వేస్తే లోపల డిస్కు గిర్రున తిరిగింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే కూచుని చిప్పును మళ్ళీ అతికాను, ఏడు తీగలూ ఒక్క తప్పు లేకుండా. కాపీ డిస్కు వేశాను, టీవీ నిండా రంగుల బొమ్మ వచ్చింది. అమ్మ ఆ బొమ్మ వైపు చూడలేదు. నా చేతిలోని ఎర్ర దూదిని చూసింది, దాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆమెకూ తెలుసన్న మాట. ఒకే ఇంట్లో ముగ్గురం, ఒకరికి తెలియకుండా ఒకరం అదే సంగతి మోస్తున్నాం.

నాయన వచ్చి బొమ్మ చూసి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టబోయి ఆగాడు. రేకు కడిగినట్టు తెల్లగా ఉంది. "బొట్టేదీ?" అన్నాడు.

"ఒక తీగ ఊడింది నాయనా, నాదే తప్పు. తుడిచేటప్పుడు బొట్టు కూడా పోయింది" అన్నాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆయన నన్ను చూశాడు, తల వంచుకున్న అమ్మను చూశాడు, బల్ల మీద ఎర్రబారిన బ్రష్షును చూశాడు. తర్వాత తన ఉంగరపు వేలు చూసుకున్నాడు.

అంతలోనే శ్రీరాములన్న వచ్చాడు, నాయన తెర ముందుకు పోయాడు. స్టార్టరు బాగుచేయించుకునేందుకు కొమరోలు వైపు నుంచి వచ్చిన పెద్దాయన కూడా అక్కడ కూచుని ఉన్నాడు. "ఏంది మామా, అయిందా? ఏమన్నా తేడా వచ్చిందా?" అంటే, నేను తెర వెనక నుంచి "ఒక తీగ..." అని మొదలుపెట్టాను. నాయన ఆ తెరను పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కొక్కేలు ఊడి గుడ్డ కింద పడింది. చేతికున్న తువ్వాలు విప్పి, రెండు చేతులూ బల్ల మీద చాపాడు. కుడి చెయ్యి అందరి ముందూ వణికింది.

"చూడు శ్రీరాములూ. ఏడాదిగా ఇట్ల ఉంది. నీ పెట్టె చేసింది నేను గాదు, మా రత్న. అది బాగానే చేసింది. బొట్టు పెడతానని పోయి చెడగొట్టింది నేను. మళ్ళీ బాగుచేసింది కూడా అదే. ఏడాదిగా ఈ షాపులో పనంతా ఆ పిల్లదే, నేను ఉత్త మాటలు చెప్పుకుంటా కూచున్నా. ఇంగ ఎవురన్నా అడిగితే రత్న పేరు చెప్పు."

కొమరోలు పెద్దాయన మెల్లగా లేచి, స్టార్టరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాయన ఆయన్ని పిలవలేదు. ఆ నెలంతా షాపు బోసిపోయింది, తర్వాత ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు, ఆ పెద్దాయనతో సహా. ఏడాదిగా నేను లోలోపల కోరుకున్నది ఆ మాటే. వచ్చేసరికి నాకు మింగుడు పడలేదు. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. శ్రీరాములన్న బిత్తరపోయి, "పెట్టె పనిచేస్తాంది గదమ్మా, ఎందుకు ఏడుస్తాండావు?" అన్నాడు. నాయన భరిణె నా వైపు జరిపి "నువ్వు పెట్టు" అన్నాడు. "నువ్వే పెట్టు. నీళ్ళు తక్కువ ముంచుకో" అన్నాను. చిల్లు లేని మూల చూపించాను. పెట్టాడు. కందిబద్దలా ఒక పక్క నొక్కుకుపోయి, వంకరగా పడింది. ఆ బొట్టును ఆయన సరిచెయ్యలేదు.

ఇప్పుడు ఈ షాపులో తెర లేదు. పాత బల్ల మీద గాజు పలక ఉంది, కెమెరా ఉంది, వచ్చినవాళ్ళు మన చేతులనే చూస్తూ నిలబడతారు. ఫోన్లలో బొట్టు పెట్టేంత చోటు కూడా లేదు, రేపు తిరిగొస్తే ఎవరి చెయ్యి పడిందో తెలియదు. ఇంత వెలుతురులో కూచుని కూడా నేను తెర కట్టుకున్నాను. నాయన ఏడాది దాచాడని ఆయన మీద విసుక్కున్నదాన్నే నేను. నాయన పోయినాక ఇన్నేళ్ళకు, ఆయన ఆ చేతులు బల్ల మీద చాపడానికి ఎంత బలం కావలసి వచ్చిందో నాకు తెలుస్తోంది.

ఇవాళ శ్రీరాములన్న బస్సు దిగి వచ్చాడు. "ఏం రత్నమ్మా, ఇంగా చూడలేదా?" అన్నాడు. తువ్వాలు విప్పాను. మూత స్క్రూలు తీసేసరికే స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. మూత లేచింది. ఇనుప రేకు మూల, ఎండి గోధుమరంగుకు తిరిగిన నాయన బొట్టు, వంకరగా. ఇంక నా వల్ల కాలేదు. రెండు చేతులూ బల్ల మీద చాపాను.

"అన్నా, నా చెయ్యి వణుకుతాంది. ఇది నాగమణి చేస్తాది. నాకంటే బాగా చేస్తాది."

శ్రీరాములన్న నా చెయ్యి చూశాడు. "మీ నాయన కూడా ఈ బల్ల మీదనే చూపించినాడు తల్లీ" అన్నాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను నాగమణి వైపు తిరగడానికి భయపడ్డాను. ఆమె అప్పటికే లేచి, నా ముందున్న ఐరన్ తన వైపు లాక్కుంటోంది. "నాకు తెలుసులే అక్కా. నీ అంతట నువ్వు చెబుతావని చూస్తాండా" అంది. బల్ల మూల మీద నా టీ గ్లాసు ఉంది. సగమే పోసి ఉంది. తొణకకుండా.

ఒక తీగ ఊడిందట, ఒక చోట తుప్పు పట్టిందట. నాగమణి గంటలో సరిచేసింది. బొమ్మ వచ్చింది, శ్రీరాములన్న నోరు తెరుచుకుని చూస్తూ కూచున్నాడు. మూత బిగించబోతుంటే ఆగమన్నాను. స్క్రూల సొరుగు అడుగున వెతికితే భరిణె దొరికింది. నీళ్ళు తక్కువగా ముంచుకుని, నాయన బొట్టు పక్కన పెట్టాను. వంకరగానే పడింది.